ఈ-స్కూటర్ బ్యాటరీ: ఎక్కడ చార్జింగ్ పెట్టాలి, ఏ చార్జర్‌తో పెట్టాలి

2022 ఏప్రిల్‌లో వారం తిరగకుండానే నిజామాబాద్‌లో ఒక ఇంట్లో, విజయవాడలో ఒక ఇంట్లో ఈ-స్కూటర్ బ్యాటరీలు పేలాయి. చెరొకచోట ఒక్కొక్కరు చనిపోయారు. రెండు చోట్లా జరిగింది ఒకటే. స్కూటర్ నుంచి ఊడదీసిన బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి, మనుషులు పడుకునే చోటే రాత్రిపూట చార్జింగ్ పెట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, ఆ పొగ మెట్ల దారిలో పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మంది ప్రాణాలు తీసింది.

ఆ ఏడాది వరుసగా జరిగిన బ్యాటరీ ప్రమాదాల నేపథ్యంలో కేంద్రం నియమించిన నిపుణుల కమిటీకి హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థకు చెందిన డాక్టర్ టాటా నరసింగరావు అధ్యక్షత వహించారు. ఆ సిఫార్సులతో ఈ-స్కూటర్ బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినం చేశారు. మొదటి విడత 2022 డిసెంబరు 1 నుంచి, రెండో విడత 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్యాక్‌లో, అంటే ఎన్నో చిన్న సెల్స్ కలిపి కట్టిన బ్యాటరీలో, ఒక సెల్ తగలబడినా ఆ మంట మిగతా సెల్స్‌ను అంటుకోకుండా ఉండాలన్నది అందులో ముఖ్యమైన పరీక్ష. మంచి మార్పే. కానీ అంతకుముందు అమ్ముడైన ప్యాక్‌లు ఇంకా రోడ్ల మీద తిరుగుతున్నాయి. పాత ప్యాక్ పోయాక సందు చివరి షాపులో కట్టించుకున్నవీ తిరుగుతున్నాయి. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉండి, రిజిస్ట్రేషన్ అక్కర్లేని చిన్న స్కూటర్లలో ఇలా కట్టించిన ప్యాక్‌లు మరీ ఎక్కువ. ప్యాక్ లోపల ఏముందో మనం మార్చలేం. ఎక్కడ పెడుతున్నాం, దేనితో చార్జ్ చేస్తున్నాం అన్న రెండూ మాత్రం పూర్తిగా మన చేతిలోవే.

ముందు చోటు సంగతి. 48 వోల్టుల, 30 ఆంపియర్-అవర్ ప్యాక్‌లో సుమారు 1,440 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. సెల్‌ఫోన్ బ్యాటరీలో ఉండేది దాదాపు 19. అంటే మంచం పక్కన 75 ఫోన్లు ఒకేసారి పెట్టుకున్నట్టు. ఆ ప్యాక్ ఒకసారి తగలబడడం మొదలైతే ఇంట్లో ఉన్న ఏ సాధనమూ దాన్ని ఆపలేదు. అందుకే తగలబడినా మనుషులు బయటపడేలా చోటు ఎంచుకోవాలి. పరీక్ష చాలా తేలిక: మీకూ బయటి గుమ్మానికీ మధ్య బ్యాటరీ ఉండకూడదు. హాల్లో వీధి తలుపు పక్కన ప్లగ్ దగ్గరగా ఉందని అక్కడ పెడితే, మంట లేచిన క్షణంలో ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. మెట్ల కింద పెడితే పై అంతస్తులో ఉన్నవాళ్లందరికీ అదే గతి. సికింద్రాబాద్‌లో జరిగింది ఇదే.

సొంత ఇల్లయితే ఆరుబయట వరండా, పోర్టికో, గోడ వార షెడ్డు మంచివి. వాన జల్లు, ఎండ తగలకూడదు. కింద గచ్చు గానీ బండ గానీ ఉండాలి. చెక్క బల్ల, చాప, డోర్‌మ్యాట్ పనికిరావు. చుట్టూ మీటరు దూరంలో బట్టలు, కార్టన్లు, పెట్రోలు బండి, గ్యాస్ సిలిండర్ ఉండకూడదు. బెడ్‌రూం కిటికీ కింద కూడా వద్దు, పొగ నేరుగా లోపలికే వస్తుంది. అపార్ట్‌మెంట్లలో సెల్లార్ తప్ప గతిలేదు కాబట్టి కనీసం మీటర్ బోర్డుల వరుసకూ, మెట్లకూ, లిఫ్టుకూ దూరంగా, ర్యాంపు వైపు గాలి ఆడే మూలలో చార్జింగ్ పాయింటు పెట్టించమని అసోసియేషన్‌ను అడగాలి. అన్ని ఫ్లాట్ల కరెంటూ ఒకే గోడకు చేరే చోట బ్యాటరీలు చార్జ్ చేయడం ఎంత ప్రమాదమో మీటింగులో విడమరిచి చెప్తే ఎవరూ కాదనరు.

ఐదో అంతస్తులో ఉండి, ఊడే బ్యాటరీని పైకి మోసుకెళ్లక తప్పనివాళ్లు తలుపుతో మూసుకునే బాల్కనీలో పెట్టండి. తప్పనిసరైతే వంటగదిలో పెట్టేద్దాం అనుకోవద్దు.

ఇక రాత్రి చార్జింగ్. ఇది మానడం చాలామంది అనుకునేంత కష్టం కాదు, లెక్క వేసి చూడండి. చిన్న స్కూటర్ కిలోమీటరుకు 25 నుంచి 30 వాట్-అవర్లు తింటుంది. రోజూ 20 కిలోమీటర్లు తిరిగితే 500 నుంచి 600 వాట్-అవర్లు ఖర్చవుతాయి. 54.6 వోల్టులు, 6 ఆంపియర్ల చార్జర్ గంటకు 300 పైచిలుకు వాట్-అవర్లు ఎక్కిస్తుంది. అంటే రెండు గంటలు చాలు. సాయంత్రం ఏడింటికి ఇంటికొచ్చి, గంటసేపు చల్లారనిచ్చి, ఎనిమిదింటికి పెడితే అన్నం తిని టీవీ చూసేలోగా పని అయిపోతుంది. రాత్రి పదకొండింటికి పెట్టి పొద్దున్న ఆరింటికి తీయాల్సిన అవసరం అసలు లేదు. మెలకువగా ఉన్నప్పుడు పెడితే వాసన, పొగ, టపటపమనే చప్పుడు మొదట్లోనే తెలుస్తాయి. ప్రాణం దక్కడానికి ఆ మొదటి ఒకటి రెండు నిమిషాలే ఆధారం.

చల్లారనివ్వడం అన్నది మాటవరసకు చెప్పింది కాదు. ఎక్కువ లిథియం సెల్స్‌కు చార్జింగ్ సమయంలో ఉండాల్సిన గరిష్ఠ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు. వాడేటప్పుడైతే 60 వరకు ఓర్చుకుంటాయి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో నీడలోనే 44, 45 ఉంటే, ఎండలో నిలిపిన స్కూటర్ సీటు కింద ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ వేడి మీద చార్జింగ్ పెడితే సెల్ లోపలి రక్షణ పొర చెడుతుంది, గ్యాస్ పుడుతుంది, సెల్ ఉబ్బుతుంది. ప్యాక్ బయట చేయి పెడితే వేడి తెలియకూడదు, అప్పుడే పెట్టాలి. పొద్దుటిపూట పెట్టుకునే వీలుంటే వేసవిలో అదే మేలు. దీనికి రెండో కొస కూడా ఉంది. సున్నా డిగ్రీల కంటే తక్కువలో చార్జ్ చేస్తే లిథియం లోపలికి ఇంకక పైపైనే లోహంగా పేరుకుంటుంది. మన దగ్గర లంబసింగి చలిలో తప్ప ఈ బెడద రాదు గానీ, అమెరికాలోనో కెనడాలోనో గడ్డకట్టే గ్యారేజీల్లో ఈ-బైకులు ఉంచేవాళ్లు బ్యాటరీ గది వేడికి వచ్చేదాకా ఆగాల్సిందే.

చోటు తర్వాత చార్జర్. నా లెక్కలో ఇంటి ప్రమాదాలకు అతి మామూలు దారి ఇది. ఎందుకంటే తప్పు చార్జర్ కూడా చక్కగా దూరుతుంది, లైటు కూడా వెలుగుతుంది. వోల్టేజీ వేరైనా కనెక్టర్ ఒకే రకంగా ఉండడమే దీనికి కారణం.

ప్యాక్ మీద “48 వోల్టులు” అని ఉంటే అది సగటు వోల్టేజీ మాత్రమే. నిండినప్పుడు ఎంతకు చేరాలన్నది లోపలి సెల్ రకాన్ని బట్టి, వరుసలో ఎన్ని ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎన్‌ఎంసీ (నికెల్-మాంగనీస్-కోబాల్ట్ రకం లిథియం) సెల్ నిండితే 4.2 వోల్టులు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్ నిండితే 3.65. ఎన్‌ఎంసీతో చేసిన 48 వోల్టుల ప్యాక్‌లో 13 సెల్స్ వరుసగా ఉంటాయి, కాబట్టి 54.6 వోల్టుల దగ్గర ఆగాలి. ఎల్‌ఎఫ్‌పీతో చేసిన దాంట్లో 16 ఉంటే 58.4 దాకా వెళ్తుంది. పాత లెడ్-యాసిడ్ బ్యాటరీల 48 వోల్టుల చార్జర్ దాదాపు 58, 59 వోల్టులు ఇస్తుంది. మూడింటి మీదా “48వి” అనే ఉంటుంది!

ఇప్పుడు 58.4 వోల్టుల చార్జర్‌ను 13 సెల్స్ ప్యాక్‌కు తగిలిస్తే ఒక్కో సెల్‌కు దాదాపు 4.5 వోల్టులు పడతాయి. ధన ధ్రువంలోంచి రావాల్సిన దానికంటే ఎక్కువ లిథియం బయటికి వస్తుంది, అవతలి గ్రాఫైట్ దాన్ని ఇముడ్చుకోలేక లోహంగా పేరుకుంటుంది, ధన ధ్రువం నిలకడ కోల్పోయి ఆక్సిజన్ వదలడం మొదలెడుతుంది. మధ్యలో ఉన్న ప్లాస్టిక్ పొర వెంట్రుక కంటే పలచన, 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అది కరిగితే రెండు ధ్రువాలూ కలుస్తాయి. ఆ తర్వాత మంట ఆపుకోవడానికి ఏమీ మిగలదు, దానికి కావాల్సిన ఆక్సిజన్ కొంత లోపలే పుడుతుంది. పక్క సెల్, దాని పక్క సెల్, ఇలా ప్యాక్ మొత్తం.

ఇలా జరగకుండా అడ్డుపడేది బీఎంఎస్ అనే చిన్న సర్క్యూట్ బోర్డు. ఎన్‌ఎంసీలో ఏ ఒక్క సెల్ 4.25 వోల్టుల చుట్టుపక్కలకు చేరినా చార్జింగ్ కట్ చేయడం, ఏ ఒక్కటీ మరీ కిందికి దిగకుండా చూడడం, వేడి గమనించడం దాని పని. అంటే తప్పు చార్జర్ తగిలించిన రోజు ఇంటికి కాపలా ఆ బోర్డు ఒక్కటే. అందులో కరెంటును కట్ చేసే స్విచ్ (మాస్‌ఫెట్) షార్ట్ అయి కట్ చేయలేకపోతే ఆ కాపలా కూడా ఉండదు. పైగా బయటికి ఏమీ తెలియదు. స్కూటర్ మామూలుగానే నడుస్తుంది.

కాబట్టి చార్జర్ కొనేటప్పుడు “48 వోల్టులది ఇవ్వండి” అనకూడదు. పాత చార్జర్ లేబుల్ మీద అవుట్‌పుట్ దగ్గర రాసిన అంకెను ఫొటో తీసుకెళ్లి, పాయింటు తర్వాత అంకె దాకా అదే ఉన్నది తీసుకోవాలి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో దొరుకుతుంటే ధర ఎక్కువైనా అక్కడే కొనండి. ఆంపియర్ల విషయంలో పాతదానికంటే తక్కువ ఉంటే నష్టం లేదు, ఆలస్యం అవుతుందంతే. ఎక్కువ ఉన్నది మాత్రం వద్దు. ఇంట్లో రెండు స్కూటర్లు ఉంటే ఒక్కో చార్జర్‌కూ, దాని స్కూటర్‌కూ ఒకే రంగు టేపు చుట్టండి. పది రూపాయల పని, పిల్లలు కూడా తికమకపడరు.

మల్టీమీటర్ వాడటం తెలిసినవారు ఏడాదికోసారి చార్జర్‌ను కొలవడం మంచిది. డీసీ 200 వోల్టుల రేంజిలో పెట్టి, బ్యాటరీకి తగిలించకుండా చార్జర్ అవుట్‌పుట్ చూడండి. 54.6 చార్జర్ 54.3 నుంచి 54.8 మధ్య చూపిస్తే బాగున్నట్టు. 55 దాటితే పక్కన పెట్టేయండి. కొన్ని చార్జర్లు బ్యాటరీ తగిలితే గానీ వోల్టేజీ ఇవ్వవు, అలాంటివి సున్నా చూపిస్తే కంగారు పడక్కర్లేదు. ప్రోబ్‌లు ఒకదానికొకటి తాకకుండా జాగ్రత్త. నిండిన ప్యాక్‌ను కొలిచినా ఇదే లెక్క: చార్జర్ పచ్చలైటు వచ్చి తీసిన అరగంటకు 54 చుట్టుపక్కల ఉండాలి. 52 దగ్గరే ఆగిపోతుంటే ఏదో ఒక సెల్ గుంపు (వరుసలోని ఒక్కో స్థానంలో కలిపి కట్టిన సెల్స్) తక్కినవాటికంటే ముందే నిండి బీఎంఎస్ కట్ చేస్తోందన్నమాట.

ఈ హెచ్చుతగ్గుల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే రిపేరు పేరుతో చేసే అసలు తప్పులు ఇక్కడే మొదలవుతాయి. మంచి స్థితిలో ఉన్న ప్యాక్‌లో 13 గుంపులూ ఒకేలా నిండి, ఒకేలా ఖాళీ అవుతాయి. కాలక్రమంలో ఒకటి బలహీనపడుతుంది. అప్పుడు మీటర్‌లో 40 శాతం చూపిస్తూనే బండి ఠపీమని ఆగిపోతుంది, లేదా చార్జింగ్ అరగంటలోనే అయిపోయినట్టు పచ్చలైటు వస్తుంది. బీఎంఎస్ తన పని తాను సరిగ్గా చేస్తోంది. కానీ చాలా షాపుల్లో దీనికి చేసే వైద్యం బీఎంఎస్‌ను తప్పించి వైరు డైరెక్ట్ చేసేయడం. ఆ పూటకు బండి పరుగెత్తుతుంది. ఆ బలహీనమైన గుంపు మాత్రం ప్రతి ప్రయాణంలో మరీ కిందికి, ప్రతి చార్జింగ్‌లో మరీ పైకి వెళ్తూ ఉంటుంది. “డైరెక్ట్ చేశాం, ఇక కట్ అవదు” అని మెకానిక్ అన్న మరుక్షణం ఆ ప్యాక్‌ను ఇంట్లోకి తేకూడదు. ఆ మాట ఎవరు చెప్పినా సరే, ఎంత తెలిసినవారైనా సరే.

రెండో తప్పు చచ్చిపోయిన ప్యాక్‌ను లేపడం. నెలల తరబడి ఊళ్లో వదిలేసిన స్కూటర్‌లో సెల్ వోల్టేజీ 2 కంటే కిందికి పడిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తర్వాత చార్జ్ ఎక్కించినప్పుడు ఆ రాగి మళ్లీ ముళ్లలా పేరుకుని లోపలే షార్ట్ చేస్తుంది. బీఎంఎస్ అందుకే చార్జింగ్ ఒప్పుకోదు. వేరే సప్లైతో నేరుగా వైర్లు తగిలించి “లేపే” ప్యాక్ కొన్నాళ్లు పనిచేసి, ఒకరోజు చార్జింగ్‌లో ఉండగా అంటుకోవచ్చు. ఊరెళ్తుంటే 40 నుంచి 60 శాతం మధ్య ఉంచి, ప్యాక్ కనెక్టర్ తీసేసి, నెలకోసారి చూసుకుంటే ఈ తిప్పలే ఉండవు. పూర్తిగా నింపి వదిలేయడం కూడా మంచిది కాదు, ముఖ్యంగా వేసవిలో.

మూడోది కొత్త సెల్స్ కొన్ని, పాతవి కొన్ని కలిపి కట్టడం. చిన్న 18650 సెల్స్‌తో 26 ఆంపియర్-అవర్ల ప్యాక్ కట్టాలంటే 130 కావాలి. ఒక్కో గుంపులో పది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసిన సెల్స్ అందులో ఉంటే ధర సగానికి పడిపోతుంది, అందుకే కలుపుతారు. ఎన్ని అంకెలు చెప్పినా లోపల ఏముందో పైనుంచి కనబడదు కాబట్టి, సెల్ తయారీదారు పేరు, తయారీ తేదీ, బీఎంఎస్ రేటింగు బిల్లు మీద రాసివ్వమని అడగండి. రాసివ్వనివారి దగ్గర కొనకండి.

రోజువారీ చార్జింగ్ 80, 90 శాతం దగ్గర ఆపితే ఎన్‌ఎంసీ ప్యాక్ ఎక్కువ కాలం బతుకుతుంది. అయితే గుంపుల్ని సమం చేసే పని బీఎంఎస్ చాలావరకు పైఅంచున, నిండాకే చేస్తుంది, అదీ సాధారణంగా ఆంపియర్‌లో పదో వంతుకు మించని కరెంటుతో. కాబట్టి రెండు మూడు వారాలకోసారి పూర్తిగా నింపి, పచ్చలైటు వచ్చాక ఇంకో గంట వదలండి. ఎల్‌ఎఫ్‌పీ అయితే వారానికోసారి నింపినా పర్వాలేదు.

ప్లగ్ గురించి రెండు మాటలు. స్కూటర్ చార్జర్‌ను 16 ఆంపియర్ల పెద్ద సాకెట్‌కే పెట్టండి, దానికి కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఎర్తింగ్, కరెంటు లీకైతే సప్లై కట్ చేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. చార్జర్ లాగే కరెంటు తక్కువే అయినా అది గంటల తరబడి ఆగకుండా లాగుతుంది. వదులు సాకెట్ నల్లబడేది అందుకే. అరగంటయ్యాక ప్లగ్ పట్టుకుంటే వేడిగా ఉందంటే సాకెట్ మార్చాల్సిందే. ఎక్స్‌టెన్షన్ బోర్డు, కిటికీలోంచి వేలాడదీసిన సన్న వైరు రెండూ వద్దు. చార్జర్‌ను స్కూటర్ సీటు కింది డబ్బాలో మూసి పెట్టకండి. 300 వాట్ల చార్జర్ దాదాపు 30, 40 వాట్లను వేడిగానే వదులుతుంది, ఫ్యానుకు గాలి ఆడాలి.

ఉబ్బిన కేసు, గోళ్ల రంగు తుడిచే ద్రవంలాంటి తియ్యటి ఘాటు వాసన, ప్యాక్‌లో ఒకచోటే వేడి, కిందపడి నొక్కుకుపోయిన మూల, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చార్జింగ్ పెట్టకూడదు. నీళ్లలో మునిగిన ప్యాక్ కూడా ఇంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఎన్నో బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి ప్యాక్ ఎండబెడితే బాగైనట్టే కనిపిస్తుంది. లోపల బురద, తుప్పు సెల్ ధ్రువాల మధ్య దారి వేసి, వారాల తర్వాత షార్ట్ కావచ్చు. ఆరుబయట, ఇంటికి దూరంగా పెట్టి సర్వీస్ సెంటర్‌కు కబురు చేయాలి.

పొగ మొదలైతే ఏం చేయాలో ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి. తెల్లని ఆవిరిలా వచ్చేది మామూలు పొగ కాదు. అందులో హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, ఊపిరితిత్తుల్ని కాల్చే హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటాయి. మూసిన గదిలో నిండితే ఒక్కసారిగా పేలుతుంది కూడా. బ్యాటరీని ఎత్తి బయట పడేద్దామని ఎవరూ చేయి పెట్టకూడదు. దారిలో ఉండగా అంటుకుంటే మనిషి మీదే అంటుకుంటుంది. మెయిన్ బోర్డు బ్యాటరీకి దూరంగా ఉంటే ఎంసీబీ దించండి, లేదంటే దాని జోలికే పోవద్దు. అందరూ బయటికి, వెనకాల తలుపు మూసేయండి, ఇరుగుపొరుగును కేకేసి 101కో 112కో ఫోన్ చేసి “లిథియం బ్యాటరీ” అని స్పష్టంగా చెప్పండి.

లిథియం మీద నీళ్లు పోయకూడదని చాలామంది నమ్ముతారు. అది శుద్ధ లిథియం లోహానికి సంబంధించిన మాట. స్కూటర్ బ్యాటరీలకు చల్లబరచడమే మందు, ఫైర్ సిబ్బంది వాడేదీ ధారాళంగా నీళ్లే. కరెంటు ఆగిపోయిందని తేలి, బ్యాటరీ ఆరుబయట ఉండి, దూరం నుంచి పైపుతో కొట్టే వీలుంటేనే మీరు ప్రయత్నించండి. పొడి సిలిండర్ మంటను ఆర్పినా వేడిని తీయదు, నిమిషాల్లో మళ్లీ రాజుకుంటుంది. ఇసుక కూడా అంతే. ఆరిందనుకున్న ప్యాక్ గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు కూడా తిరిగి అంటుకోవచ్చు కాబట్టి దాన్ని వేరే బళ్ల దగ్గర గానీ, ఆటోలో గానీ పెట్టనివ్వకండి.

పనైపోయిన ప్యాక్‌ను చెత్త బండిలో వేయొద్దు, పాత ఇనుము కొనేవారికీ అమ్మొద్దు. చెత్త బండిలో నలిగితే అక్కడ అంటుకుంటుంది, ఇనుము కొట్లో సుత్తితో పగలగొడితే ఆ పని చేసేవాడి చేతుల్లో అంటుకుంటుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారుదే, కాబట్టి డీలర్‌ను వెనక్కి తీసుకోమని గట్టిగా అడగండి. ఇచ్చేముందు కనెక్టర్ ధ్రువాల మీద విడివిడిగా ఇన్సులేషన్ టేపు చుట్టి, పట్టుకెళ్లేటప్పుడు కారు డిక్కీలో పడేయకుండా నిలబెట్టి కదలకుండా కట్టండి.